మాట చెరగకుండా దాని మీద లింకు అతికించడం ఎలా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో మా బాబాయికి ఆరు రొయ్యల గుంటలున్నాయి. వాటి నోట్సు రాసేది నేనే. ఏ రోజు ఎంత మేత వేశాం, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉంది, సీడు ఏ హేచరీది, ఇవన్నీ ఒక నోట్స్ యాప్‌లో పెడతాను. ల్యాప్‌టాప్‌లో రాస్తే ఫోన్లోనూ కనిపిస్తుంది.

కిందటేడు కార్తీకంలో వాయుగుండం వార్తలు వస్తున్న రోజులవి. "4వ గుంట: వాన వెలిశాక సున్నం వేసి, మేత సగానికి తగ్గించాలి" అని రాసుకున్నాను. ఎందుకు తగ్గించాలో చెప్పే వీడియో ఒకటి దొరికితే, ఆ వాక్యం మొత్తం సెలెక్ట్ చేసి వీడియో అడ్రస్ అతికించాను. వాక్యానికి లింకు తగులుకుంటుందనుకున్నాను. వాక్యం పోయి దాని చోట పొడవాటి అడ్రస్ కూర్చుంది. ఆ హడావుడిలో నేను చూసుకోలేదు. రెండు రోజుల తర్వాత బాబాయి ఫోన్ చేసి "అబ్బయా, నాలుగో గుంటకి మేత ఎంత వెయ్యమన్నావు?" అని అడిగాడు. నోట్సు తీస్తే అక్కడ అడ్రస్ తప్ప ఇంకేం లేదు. అప్పటికే రెండు రోజులు మామూలు మేతే పడింది. అడుగున మిగిలిన మేత కుళ్ళి, నీళ్ళు సర్దుకోవడానికి వారం పట్టింది.

నోట్సులో విలువైనది మనం రాసుకున్న మాట. లింకు ఆ మాటకు ఆధారం. ఆధారం వచ్చి మాటనే చెరిపేస్తే అది నోట్స్ యాప్ చేయాల్సిన పని కాదు. ఈ పని సరిగ్గా ఎలా చేసుకోవాలో, యాప్ ఎలా పనిచేస్తే దాన్ని నమ్మొచ్చో చెప్తాను.

అడ్రస్ కాపీ చేయడం

బ్రౌజర్ పైన అడ్రస్ బార్ మీద ఒకసారి నొక్కండి, అడ్రస్ మొత్తం సెలెక్ట్ అవుతుంది. కంట్రోల్, సి నొక్కండి. మ్యాక్ వాడేవాళ్ళు ఈ వ్యాసంలో కంట్రోల్ అన్నచోటల్లా కమాండ్ అనుకోవాలి. పేజీ లోపల ఉన్న లింకే కావాలంటే దాని మీద రైట్ క్లిక్ చేసి, లింకు అడ్రస్‌ను కాపీ చేసే వరుస ఎంచుకోండి. ఆ లింకు అక్షరాల మీద మౌస్ లాగి కాపీ చేస్తే మీకు అక్షరాలు వస్తాయి, విడి అడ్రస్ రాదు.

అతికించే ముందు అడ్రస్ తోక చూడండి. ప్రశ్న గుర్తు తర్వాత "యూటీఎమ్" (utm) అనో "ఎఫ్‌బీ క్లిక్ ఐడీ" (fbclid) అనో మొదలయ్యే ముక్కలుంటే అవి మీరు ఎక్కడినుంచి వచ్చారో కనిపెట్టడానికి తగిలించినవి. తీసేసినా పేజీ తెరుచుకుంటుంది. అలాగని ప్రశ్న గుర్తు తర్వాత ఉన్నదంతా కొట్టేయకండి. యూట్యూబ్ మామూలు అడ్రస్‌లో వీడియోను గుర్తించే అక్షరాలు అక్కడే, "వి" తర్వాత ఉంటాయి. అదే అడ్రస్ చివర & గుర్తు, "టి", సమానం గుర్తు, 95 అని చేరిస్తే వీడియో 1 నిమిషం 35 సెకన్ల దగ్గర మొదలవుతుంది. ముప్పై నిమిషాల వీడియోలో మీకు కావలసింది ఒక్క నిమిషమే అయినప్పుడు ఇది చాలా పనికొస్తుంది. క్రోమ్‌లో అయితే పేజీలో ఒక వాక్యం సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేస్తే, సరిగ్గా ఆ వాక్యానికే లింకు కాపీ చేసుకునే వీలు 2021 నుంచి ఉంది. పాతిక పేజీల మార్గదర్శకాల్లో ఒక్క నియమాన్ని చూపించాలంటే దాన్ని వాడండి.

ఏ మాట మీద పెట్టాలి

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. "ఇక్కడ నొక్కండి", "లింకు", "వీడియో" లాంటి మాటల మీద పెట్టకండి. ఆరు నెలల తర్వాత నోట్సు తిరగేస్తే పది చోట్ల "వీడియో" అని కనిపిస్తుంది, ఏది దేనిదో తెలియదు. చూపు లేనివాళ్ళు వాడే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు పేజీలోని లింకులన్నిటినీ ఒక పట్టికగా చదివి వినిపించగలవు. ఆ పట్టికలో వరసగా "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అని వినిపిస్తే వాళ్ళకేం తెలుస్తుంది?

లింకు వెనక ఏముందో ఆ మాటే చెప్పాలి. నా నోట్సులో "రొయ్యల సాగులో నిషేధించిన యాంటీబయాటిక్స్" అన్న మాటల మీద లింకు ఉంటుంది, అది ఆ జాబితాకే పోతుంది. క్లోరంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి పేర్లు అందులో ఉంటాయి. వాటి జాడ కనిపిస్తే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది కాబట్టి, మందుల షాపుకు వెళ్ళే ముందు బాబాయి ఆ పేర్లు చూసుకుంటాడు. "2021 నవంబరు పెన్న వరద" అన్న మాటల మీద, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన నాటి వార్త ఉంటుంది. మాట చదివితే చాలు, నొక్కాలా వద్దా అన్నది తెలిసిపోతుంది.

వాక్యం మొత్తానికి కాకుండా మూడు నాలుగు మాటలకు పెడితే చదవడానికి హాయిగా ఉంటుంది. నేను ఆ రోజు వాక్యం మొత్తం సెలెక్ట్ చేయకుండా "మేత సగానికి తగ్గించాలి" వరకే చేసి ఉంటే, కనీసం గుంట నంబరూ సున్నం సంగతీ మిగిలేవి.

అతికించడం, వెంటనే చూసుకోవడం

మాటలు సెలెక్ట్ అయి ఉండగానే కంట్రోల్, వి నొక్కండి. మీ మాటలు అలాగే ఉండి రంగు మారినా, కింద గీత పడినా పని అయిపోయినట్టే. నోషన్, స్లాక్, వర్డ్‌ప్రెస్ ఎడిటర్, గిట్‌హబ్ కామెంట్ పెట్టె ఇలాగే చేస్తాయి.

మాటలు పోయి అడ్రస్ వచ్చిందా? ఇంకేమీ టైపు చేయకుండా కంట్రోల్, జెడ్ నొక్కండి, మాటలు తిరిగొస్తాయి. మళ్ళీ సెలెక్ట్ చేసి కంట్రోల్, కె నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో అడ్రస్ అతికించి ఎంటర్ కొట్టండి. వర్డ్, వన్‌నోట్, గూగుల్ డాక్స్ మూడింటిలోనూ లింకు పెట్టడానికి ఇదే షార్ట్‌కట్. ఒక అడుగు ఎక్కువే కానీ మాట మాత్రం పోదు.

కొత్త యాప్ అయితే ఇంకో జాగ్రత్త కూడా చెప్తాను. విండోస్‌లో విండోస్ కీ, వి కలిపి నొక్కితే కాపీ చేసిన వాటి చరిత్ర కనిపిస్తుంది. మొదటిసారి దాన్ని ఆన్ చేసుకోవాలి, ఆ తర్వాత 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది. ముందు మీ మాటల్ని కాపీ చేయండి, తర్వాత అడ్రస్ కాపీ చేయండి, అప్పుడు అతికించండి. మాట చెరిగిపోయినా చరిత్రలో ఉంటుంది. ఐదారు లింకులు ఒకేసారి పెట్టాల్సి వచ్చినా ఇదే మేలు. అడ్రస్‌లన్నీ వరసగా కాపీ చేసుకుని, నోట్సులోకి వచ్చి ఒక్కోటి తీసుకోవచ్చు.

యాప్ ఎలా పనిచేయాలి

ఇది యాప్ తయారుచేసేవాళ్ళకే కాదు, ఏ యాప్ వాడాలో ఎంచుకునే మీకూ అవసరం. నెల్లూరులో, ఒంగోల్లో సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్న పిల్లలు సొంతంగా నోట్స్ యాప్ కట్టి చూపిస్తుంటారు. వాళ్ళు కూడా దీన్ని చదవాలని నా కోరిక.

మొదటి నియమం ఇది. మామూలు మాటలు సెలెక్ట్ అయి ఉండి, క్లిప్‌బోర్డులో (కాపీ చేసింది నిలవుండే చోట) ఒకే ఒక్క అడ్రస్ ఉంటే, ఆ మాటలకు లింకు తగిలించాలి. ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. "సెలెక్ట్ చేసి అతికిస్తే పాతది పోవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి కదా" అని కొందరు అంటారు. మాటల మీద మాటలు అతికించినప్పుడు అది సరైనదే. కానీ రాసుకున్న మాటలు తీసేసి వాటి చోట చదవడానికి వీల్లేని అడ్రస్ పెట్టుకోవాలని ఎవరికి ఉంటుంది? ఎప్పుడో ఒకసారి ఉంటే ఉండొచ్చు. అలాంటివాళ్ళ కోసం కంట్రోల్, షిఫ్ట్, వి ఉంది. చాలాచోట్ల అది సాదాగా అతికిస్తుంది, ఇక్కడా అదే చేయనివ్వండి. తరచుగా కావలసిన పని మామూలు కీలతో జరగాలి, అరుదైన దానికి ఒక కీ ఎక్కువైనా ఫర్వాలేదు.

రెండోది కంట్రోల్, జెడ్. ఒక్కసారి నొక్కితే అతికించక ముందు ఎలా ఉందో అలాగే రావాలి, ఆ మాటలు సెలెక్ట్ అయ్యే ఉండాలి. రెండు మూడుసార్లు నొక్కించుకుని, మధ్యలో ఏదో సగం స్థితి చూపించే యాప్‌లో పనిచేస్తుంటే టెన్షన్ తప్పదు.

ఇక చిక్కు సందర్భాలు. సెలెక్ట్ చేసింది మాట కాకుండా ఒక అడ్రస్సే అయితే, అక్కడ పాతది తీసి కొత్తది పెట్టాలి. ఎందుకంటే మీరు పాత అడ్రస్‌ను మార్చాలనుకుంటున్నారు. సెలెక్ట్ చేసిన మాటలకు ఇప్పటికే లింకు ఉంటే మాటలు ఉంచి వెనక అడ్రస్ ఒక్కటే మార్చాలి. బొమ్మ సెలెక్ట్ అయి ఉంటే బొమ్మకే లింకు తగలాలి. ఏమీ సెలెక్ట్ కాకుండా కర్సర్ ఒక్కటే ఉంటే అడ్రస్ మామూలుగా పడాలి. క్లిప్‌బోర్డులో అడ్రస్‌తో పాటు ఇంకో నాలుగు మాటలు కూడా ఉంటే అది లింకు కాదు, మామూలు అతికింపే. కోడు రాసే పెట్టెలో కూడా మామూలు అతికింపే ఉండాలి. కోడు రాసుకునే వీఎస్ కోడ్ ప్రోగ్రాములో, మార్క్‌డౌన్ (లింకులూ శీర్షికలూ మామూలు గుర్తులతో రాసే పద్ధతి) ఫైళ్ళకు "స్మార్ట్" అనే సెట్టింగు ఉంది, కోడు ముక్కల లాంటి చోట్ల లింకు తయారు చేయకుండా అది ఆగుతుంది. అలాంటి వివేకమే కావాలి.

మూడు నాలుగు వరుసలు కలిపి సెలెక్ట్ చేసి అడ్రస్ అతికిస్తే ఏం చేయాలన్నది తేలిగ్గా తేలదు. ఒక్కో వరుసకూ విడివిడిగా అదే లింకు పెట్టొచ్చు, లేదా "ఇన్ని వరుసలకు పెట్టమంటారా?" అని అడగొచ్చు. నేనైతే అడగమంటాను. ఏది ఎంచుకున్నా సరే, నాలుగు వరుసలూ చెరిపేసి ఒక్క అడ్రస్ మిగల్చడం మాత్రం ఒప్పుకోను. నష్టం అన్నిటికంటే ఎక్కువ జరిగేది అక్కడే.

సెలెక్షన్ చివర ఖాళీ ఉంటే దాన్ని లింకు బయటే వదిలేయాలి. మాట మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కొన్ని ప్రోగ్రాముల్లో పక్కనున్న ఖాళీ కూడా సెలెక్ట్ అవుతుంది, అప్పుడు కింద గీత ఆ ఖాళీలోకి సాగి అసహ్యంగా కనిపిస్తుంది.

ఇంకోటి ఎడ్జ్ బ్రౌజర్ వాడేవాళ్ళకు ఎదురవుతుంది. అందులో అడ్రస్ బార్ నుంచి కాపీ చేసి అతికిస్తే, మామూలుగా అడ్రస్‌కు బదులు పేజీ పేరు లింకుగా వచ్చి పడుతుంది. క్లిప్‌బోర్డులో ఒకే వస్తువు రెండు మూడు రూపాల్లో ఉండటమే దీనికి కారణం. సాదా అక్షరాల రూపంలో అడ్రస్ ఉంటుంది, హెచ్‌టీఎమ్ఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) రూపంలో పేజీ పేరుంటుంది. యాప్ రెండో రూపాన్ని తీసుకుంటే మీ మాటల చోట ఎవరో పెట్టిన ఇంగ్లిషు శీర్షిక వచ్చేస్తుంది. సాదా రూపంలో ఒక్క అడ్రస్సే ఉందా అన్నది యాప్ ముందు చూసుకోవాలి. అప్పటిదాకా మీరు ఎడ్జ్ సెట్టింగుల్లో అతికించే పద్ధతిని సాదా అక్షరాలకు మార్చుకోండి.

తెలుగులో రాసేవాళ్ళు చూసుకోవాల్సినవి

మన మాటకు విభక్తి అతుక్కుని ఉంటుంది. "జాబితాలో", "హేచరీకి", "సోమశిలనుంచి" అంటాం. లింకు "జాబితా" వరకేనా, "లో" కూడా కలపాలా? మాట మొత్తానికి పెట్టండి. మధ్యలో తుంచితే చదివేవాళ్ళ కన్ను అక్కడ తడబడుతుంది. పైగా కొన్ని చోట్ల ఒత్తు దగ్గర సెలెక్షన్ తెగితే అక్షరం విడిపోయి కనిపిస్తుంది, "నెల్లూరు" లో "ల్" ఒక పక్క, "లూ" ఇంకో పక్క పడతాయి. షిఫ్ట్ పట్టుకుని బాణం కీతో ఒక్కో అక్షరం జరిపే బదులు, షిఫ్ట్, కంట్రోల్, బాణం కలిపి నొక్కితే మాటకు మాట సెలెక్ట్ అవుతుంది (మ్యాక్‌లో ఇక్కడ మాత్రం కమాండ్ కాదు, ఆప్షన్ కీ). తెలుగుకు ఇదే భద్రం.

తెలుగు పేజీల అడ్రస్ కాపీ చేస్తే ఎందుకంత పొడవు వస్తుందో కూడా తెలుసుకోండి. "నెల్లూరు" కంప్యూటర్ లెక్కలో 8 సంకేతాలు: న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అడ్రస్‌లో ఒక్కో బైటునూ శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలతో రాస్తారు. అంటే సంకేతానికి 9 చొప్పున, ఒక్క "నెల్లూరు" కే 72 అక్షరాలు. "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా" అని పూర్తి పేరు రాస్తే 300 దాటుతాయి. ఇంగ్లిషులో నోట్సు రాసుకునేవాళ్ళకు అడ్రస్ బయటపడితే ఒక వరుస పాడవుతుంది. మనకు ఫోన్ తెర సగం శాతం గుర్తులతో నిండిపోతుంది. మాట వెనక లింకు దాగడం మనకు ఇంకా ఎక్కువ అవసరం అనేది అందుకే.

తెలుగులోనే "చుక్క భారత్" తో ముగిసే అడ్రస్‌లు కూడా ఉన్నాయి. అడ్రస్ అంటే ఇంగ్లిషు అక్షరాలే ఉండాలని యాప్ పట్టుబడితే ఇవి లింకులు కావు. అలాగని చుక్క కనిపించిన ప్రతిదాన్నీ అడ్రస్ అనుకున్నా కష్టమే. "వచ్చాను.రేపు" అని చుక్క తర్వాత ఖాళీ వదలకుండా టైపు చేసేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ముందు హెచ్‌టీటీపీఎస్ ఉన్నదాన్ని మాత్రమే అడ్రస్‌గా తీసుకుంటే ఈ రెండు తంటాలూ తీరతాయి.

మార్క్‌డౌన్ వాడే యాప్‌లలో లింకు [మాట](అడ్రస్) అని ఉంటుంది. 2004లో వచ్చిన ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. వికీపీడియా పేజీల పేర్లలో బ్రాకెట్లు రావడం మామూలు, ఒకే పేరుతో ఊరూ సినిమా రెండూ ఉంటే విడదీయడానికి అలా పెడతారు. కొన్ని యాప్‌లు ఆ మొదటి మూసే బ్రాకెట్ దగ్గరే లింకు అయిపోయిందనుకుంటాయి. మంచి యాప్ అతికించేటప్పుడే ఆ అడ్రస్‌ను కోణపు బ్రాకెట్లలో, < > మధ్య పెట్టాలి. మీ యాప్ పెట్టకపోతే మీరే పెట్టండి.

ఫోన్లో, వాట్సాప్‌లో

గట్టు మీద నిలబడి ఫోన్లో చేయాల్సి వస్తే, మాట మీద వేలు నొక్కి పట్టి సెలెక్ట్ చేయండి. కానీ పైకి తేలే మెనూలోని పేస్ట్ నొక్కకండి, చాలా యాప్‌లలో అది మాటను చెరిపేస్తుంది. కీబోర్డు పైన యాప్ ఇచ్చే గొలుసు బొమ్మ ఉంటే అది నొక్కి, వచ్చిన పెట్టెలో అడ్రస్ అతికించండి. గొలుసు బొమ్మ లేకపోతే వాక్యం కింద కొత్త వరుసలో అడ్రస్ పెట్టి వదిలేయండి, సాయంత్రం ల్యాప్‌టాప్ దగ్గర సర్దుకోవచ్చు. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లోని క్లిప్‌బోర్డు మీద ఆధారపడి "తర్వాత అతికిస్తాలే" అనుకోవద్దు, పిన్ చేయని వాటిని అది గంట తర్వాత తీసేస్తుంది.

నోట్సులోని వాక్యం కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో పెడితే మాట వెళ్తుంది, లింకు వెళ్ళదు. మాట వెనక అడ్రస్ దాచే వీలు వాట్సాప్‌లో లేదు. రైతుల గ్రూపుకు పంపేటప్పుడు మాట రాసి, దాని కింద వరుసలో అడ్రస్ విడిగా పెట్టండి.

వాతావరణం సంగతికి ఒక్క మాట. మన వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలూ వాతావరణ శాఖ బులెటిన్లు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచనలు నోట్సులో పెట్టుకుంటాను. వీటిలో కొన్ని పేజీల అడ్రస్ రోజూ ఒకటే, లోపలి విషయం మారిపోతుంది. అందుకని లింకు ఒక్కటే పెట్టి ఊరుకోను. తేదీ వేసి, గాలి వేగమూ వాన సూచనా నా మాటల్లో రాసి, ఆ మాటల మీద లింకు పెడతాను.

మీ యాప్‌ను పరీక్షించడం

కొత్త నోట్ ఒకటి తెరిచి "పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి" అని రాయండి. ఏదో ఒక అడ్రస్ కాపీ చేసుకుని "రంగనాయకుల గుడి" సెలెక్ట్ చేసి అతికించండి. మాట ఉందా? ఒక్క కంట్రోల్, జెడ్‌తో లింకు పోయి మాట మిగిలిందా? మళ్ళీ లింకు పెట్టి, దాని మీద వేరే అడ్రస్ అతికించి చూడండి. తర్వాత మూడు వరుసలు రాసి, మూడూ సెలెక్ట్ చేసి అతికించండి. చివరగా తెలుగు వికీపీడియాలో బ్రాకెట్లున్న పేజీ అడ్రస్‌తో చేసి, లింకు నొక్కి సరైన పేజీ తెరుచుకుందో లేదో చూడండి. ఫోన్లో కూడా ఇవే చేయండి. ఐదు నిమిషాల పని.

ఎక్కడైనా తప్పితే యాప్ వాళ్ళకు రాయండి. "బాగాలేదు" అంటే వాళ్ళకు ఏమీ అర్థం కాదు. ఏ మాట సెలెక్ట్ చేశారు, ఏ అడ్రస్ కాపీ చేశారు, ఏ కీలు నొక్కారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, ఈ ఐదూ వరుసగా రాసి, పది సెకన్ల స్క్రీన్ రికార్డింగ్ జతచేయండి. తెలుగు మాటతోనే చేసి చూపించండి, ఇంగ్లిషు మాటతో కనిపించని తప్పులు దీనితో బయటపడతాయి. నేను పంపినదాంట్లో నాలుగో గుంట వాక్యాన్నే వాడాను, పోయిన మాట ఎలాంటిదో వాళ్ళకు తెలియాలని దాని ఇంగ్లిషు అర్థం కూడా పక్కన రాశాను.